వెన్ను ఆపరేషన్ అయ్యాక కదలడానికి భయపడే పేషెంట్లను ఎలా నడిపించాలి?

పైరగాలి – ఫిజియోథెరపిస్టు, మిర్యాలగూడ

అందరికీ నమస్తే. మా ఊరి చుట్టూ రైస్ మిల్లులే. హమాలీ పని చేసేవాళ్లలో నడుం ఆపరేషన్ అయినవాళ్లు తరచూ నా దగ్గరికి వస్తుంటారు. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించుకుని, కుట్లు విప్పించుకుని ఇంటికి చేరతారు. రెండు మూడు సార్లు క్లినిక్‌కి వస్తారు, ఆ తర్వాత కనిపించరు. ఫోన్ చేస్తే "రేపొస్త మేడం" అంటారు.

ఇప్పుడు నన్ను బాగా ఆలోచనలో పడేసిన ఒకాయన ఉన్నాడు. వయసు నలభై దాటింది. నడుం దిగువన ఎల్4, ఎల్5 పూసల మధ్య మెత్తగా ఉండే డిస్క్ జారి నరాన్ని నొక్కితే మైక్రోడిసెక్టమీ చేశారు, అంటే చిన్న గాటు పెట్టి జారిన ముక్కను తీసే ఆపరేషన్. కాలు గుంజుడు పూర్తిగా పోయింది. పాదంలో బలం బాగుంది, గాయం శుభ్రంగా మానింది. అయినా రెండు నెలలు దాటుతున్నా మనిషి మంచం దిగడు. నడుం బెల్టు పడుకున్నప్పుడు కూడా తీయడు. అన్నం మంచం దగ్గరికే వస్తుంది. ఏమడిగినా "డాక్టర్ వంగొద్దన్నడు, బరువెత్తొద్దన్నడు" అన్నదొక్కటే జవాబు. వ్యాయామాల కాగితం ఇచ్చాను, ఆయన భార్యకు నేర్పించాను, ఫోన్లో వీడియో తీసి పెట్టాను. ఏదీ పని చేయలేదు.

ఇరవై ఏళ్లు బస్తాలు మోసిన మనిషిని బద్ధకస్తుడని నేను అనలేను. మరి అడ్డుపడుతున్నది ఏమిటి? మీరైతే ఎక్కడ మొదలుపెడతారు?

గోదారిగట్టు – తాడేపల్లిగూడెం

పైరగాలి గారూ, నాకూ ఇదే ఆపరేషన్ అయిందండి, ఎల్5-ఎస్1 దగ్గర, అంటే దాని కింది డిస్క్‌కి. ట్రాలీ ఆటో నడుపుతాను. పేషెంటు వైపు నుంచి నాలుగు మాటలు చెబుతాను.

ఆపరేషన్‌కి ముందు నెలల తరబడి మా ఒళ్లు మాకు నేర్పింది ఒక్కటే, కదిలితే నొప్పి అని. తుమ్మితే మడమ దాకా లాగేసేది. ఆపరేషన్‌తో ఆ లాగుడు పోతుంది గానీ భయం పోదండి. కుట్ల దగ్గర కాస్త పట్టేసినా "మళ్లీ జారిందేమో" అనిపిస్తుంది. రాత్రిపూట మరీను. ఎవర్నన్నా అడుగుదామంటే డాక్టర్ దగ్గరికి రానుపోను ఖర్చు, ఒకరోజు పని పోవడం.

ఒక ఫిజియో గారు తీరిగ్గా కూర్చుని రెండు నొప్పుల తేడా చెప్పాక నాకు ధైర్యం వచ్చింది. కుట్ల చుట్టూ, నడుం కండల్లో సాయంత్రానికి పట్టేసి, కాసేపు పడుకుంటే తగ్గే నొప్పి ఒకటి. ఇన్నాళ్లూ వాడని కండ మళ్లీ పనిలోకి వస్తోందని దానర్థం. పిరుదు నుంచి పిక్క మీదుగా పాదంలోకి దిగుతూ, రోజురోజుకీ పెరుగుతూ, కాలి బలం తగ్గించే నొప్పి ఇంకొకటి. అది వస్తే వెంటనే ఫోన్ చేయమన్నారు. పాదం మీద తిమ్మిరి మాత్రం నొప్పి పోయినంత త్వరగా పోదు, నెలలు పడుతుంది అని ముందే చెప్పారు. ఆ మాట చెప్పకపోయుంటే ఆ తిమ్మిరి చూసి ఆపరేషన్ ఫెయిలయిందని నేనూ మంచం ఎక్కేవాణ్ణి.

కొండగాలి – విజయనగరం

నేను కొంచెం వేరేగా చెప్తాను, ఏమీ అనుకోకండి. మా అన్నయ్యకి మంచి మాటలు ఎన్ని చెప్పినా వినలేదు. చివరికి పెద్ద డాక్టర్ గట్టిగా అరిచారు, "ఇలాగే పడుకుంటే కాళ్లు చచ్చుబడతాయి, జీవితాంతం ఇంతే" అని. మర్నాడే లేచి నడిచాడు. మన జనానికి భయం చెప్పాలండి, అప్పుడే పని జరుగుద్ది.

మంజీర – ఫిజియోథెరపిస్టు, హైదరాబాద్

కొండగాలి గారూ, మీ అన్నయ్య నడిచినందుకు సంతోషం. కానీ దయచేసి ఈ పద్ధతి అందరికీ చెప్పకండి. పట్టించుకోని మనిషి ఉంటాడు, భయపడి ఆగిపోయిన మనిషి ఉంటాడు. మొదటివాడిని ఒక గట్టి మాట కదిలిస్తుందేమో. రెండోవాడి మీద ఇంకో భయం వేస్తే ఇంకా ముడుచుకుపోతాడు. వెన్ను ఆపరేషన్ తర్వాత నేను చూసేవాళ్లలో రెండో రకమే ఎక్కువ. పైగా కాళ్లు చచ్చుబడతాయన్న మాట చాలామంది విషయంలో నిజం కాదు. పడుకుంటే కండ తగ్గుతుంది, ఊపిరి తగ్గుతుంది, పిక్కల్లో రక్తం గడ్డకట్టే ముప్పు పెరుగుతుంది. ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు.

పైరగాలీ, నువ్వు అడిగిన ప్రశ్నకి వస్తాను. వ్యాయామాల కాగితం పక్కన పెట్టి ముందు అడుగు. "లోపల ఏం జరిగిందనుకుంటున్నారు? వంగితే ఏమవుతుందనుకుంటున్నారు?" ఈ రెండే. "డిస్క్ తీసేశారు కాబట్టి అక్కడంతా ఖాళీ, వంగితే ఎముకలు కూలబడతాయి" అని నాకు చెప్పినవాళ్లున్నారు. నిజానికి మైక్రోడిసెక్టమీలో నరం మీదికి జారిన ముక్కనే తీస్తారు, మిగతా డిస్క్ అక్కడే ఉంటుంది. ఇది బొమ్మ గీసి చూపిస్తే సగం భయం అక్కడికక్కడే తగ్గుతుంది. కదలిక భయాన్ని కొలవడానికి టంపా స్కేలు అని 17 ప్రశ్నలది ఒకటుంది. 17 నుంచి 68 దాకా మార్కులు. చదవడం రాని పేషెంటుకి ఆ ప్రశ్నల్లో నాలుగైదు మాటల్లో కలిపి అడిగినా సంగతి తెలిసిపోతుంది.

రెండోది, "నొప్పి వచ్చేదాకా చెయ్యి" అని ఎప్పుడూ చెప్పకు. 1970ల్లో సియాటిల్‌లో విల్బర్ట్ ఫోర్డైస్ అనే మానసిక శాస్త్రవేత్త దీర్ఘకాల నొప్పి ఉన్నవాళ్లతో పని చేస్తూ పట్టుకున్న సంగతి ఇది. నొప్పి రాగానే ఆపడం అలవాటైతే నొప్పే మనిషిని నడిపిస్తుంది. అందుకని కోటా పెట్టాలి. ఆయన ఇబ్బంది లేకుండా పది నిమిషాలు నడవగలడనుకో, ఎనిమిదితో మొదలుపెట్టు. ఎనిమిది అయ్యాక బాగున్నా ఆగాలి, బాగోలేకపోయినా ఎనిమిది చేయాలి. రోజుకి మూడు సార్లు. రెండు మూడు రోజులకోసారి ఒక నిమిషం పెంచు. ఒంట్లో బాగున్న రోజు ఊరంతా తిరిగొచ్చి తర్వాత వారం మంచం ఎక్కే పేషెంట్లని ఇది చాలావరకు కాపాడుతుంది. మే నెలలో మీ దగ్గర ఎండ మండిపోతుంది కదా, తెల్లవారుజామున ఒకసారి, మిగతా రెండూ ఇంట్లో, పొద్దుగూకాక డాబా మీద.

మూడోది, సున్నా నుంచి పది దాకా ఎంత నమ్మకం ఉందో అడుగు. "రోజూ మూడు సార్లు నడవగలనని మీకు ఎంత నమ్మకం?" నాలుగు అంటాడు. మనం వెంటనే "నాలుగేనా, పది ఎందుకు కాదు?" అంటాం, అప్పుడాయన కారణాలన్నీ ఏకరువు పెడతాడు. "రెండు కాకుండా నాలుగన్నారే, ఎందుకు?" అని అడిగి చూడు. తను చేయగలిగింది తన నోటితోనే చెప్తాడు. మనం చెప్పిన పది మాటల కన్నా ఆ ఒక్కటి ఎక్కువ నిలుస్తుంది.

పిల్లకాలువ – రాజమండ్రి

మా అత్తగారికి ఫ్యూజన్ చేశారు, రెండు పూసలు ఒకటిగా అతుక్కునేలా స్క్రూలు, రాడ్లు వేశారు. ఇంట్లోవాళ్ల సంగతి ఎవరూ చెప్పలేదని రాస్తున్నాను.

పేషెంటు కన్నా ముందు చుట్టాలకి చెప్పాలండి! పలకరించడానికి వచ్చిన ప్రతి ఒక్కరూ ఒక కథ మోసుకొస్తారు. "మా ఆడపడుచు తోటికోడలికి ఇలాగే చేశారు, స్క్రూ ఊడిపోయింది" అని ఒకరు. "వెన్నుపూస ఆపరేషనా? ఇంక జన్మలో లేవరు" అని ఇంకొకరు. పప్పు పెడితే చీము పడుతుందని పత్యం. వంకాయ వద్దు, గోంగూర వద్దు, గుడ్డు వద్దు. గాయం మానాల్సిన మనిషికి చారన్నం పెట్టి, నీరసం వచ్చాక "చూశావా, నడిస్తే కళ్లు తిరిగాయి" అంటారు. మా డాక్టర్ గారినే ఫోన్లో స్పీకర్ పెట్టి మా మావగారికి చెప్పించాం. పప్పు, గుడ్లు, పెరుగు మొదలయ్యాక ఆవిడ ముఖంలో కళ వచ్చింది.

ఇంకొకటి, ప్రేమతో చేసే చెరుపు. మంచినీళ్లు అడిగేలోపే గ్లాసు చేతికిస్తాం. మేం ఒక్క మార్పు చేశాం. మంచినీళ్ల చెంబు వంటగదిలోనే ఉంటుంది, టీవీ రిమోట్ టీవీ పక్కనే ఉంటుంది. పక్కకి ఒత్తిగిలి, కాళ్లు కిందికి వేసి, చేత్తో పరుపుని నొక్కి లేవడం నేర్పించారు కదా, రోజుకి పదిసార్లు అలా లేవడం దానంతటదే జరిగిపోతోంది. మొదట్లో మావగారు నా మీద కోప్పడ్డారు, ముసలామెను లేపుతున్నానని. ఫిజియో గారు ఆయనకి కూడా ఒక పని ఇచ్చారు, గోడ మీద క్యాలెండర్లో టిక్కు పెట్టే పని. ఇప్పుడు ఆయనే గడియారం చూసి పిలుస్తున్నారు.

నల్లమల – న్యూరోసర్జన్, కర్నూలు

ఈ చర్చ మా సర్జన్లందరూ చదవాలి. "బరువు ఎత్తవద్దు, వంగవద్దు" అని డిశ్చార్జి కాగితంలో రాస్తారు, ఎప్పటిదాకా అన్నది రాయరు. తేదీ లేని నిషేధాన్ని పేషెంటు జీవితాంతం అనుకుంటాడు. పైరగాలి గారూ, ఆయన సర్జన్‌కి ఫోన్ చేసి తేదీలు రాయించండి. ఆ కాగితమే మీకు సగం పని చేసిపెడుతుంది.

ఒకే విషయం మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి తూచి చూసేవి కాక్రేన్ సమీక్షలు. 2014లో వచ్చిన అలాంటి సమీక్షలో డిస్క్ ఆపరేషన్ తర్వాతి పునరావాసం మీద 22 ట్రయల్స్ కలిపి చూశారు, రెండున్నర వేల మందికి పైగా పేషెంట్లు. ఆపరేషనైన నాలుగు నుంచి ఆరు వారాలకు వ్యాయామం మొదలుపెట్టినవాళ్లకి ఏమీ చేయనివాళ్ల కన్నా నొప్పి, ఇబ్బంది త్వరగా తగ్గాయి. వ్యాయామం వల్ల మళ్లీ ఆపరేషన్ చేయాల్సిన అవసరం పెరిగినట్టు ఎక్కడా తేలలేదు. ఆధారాలు అంత బలమైనవేమీ కావు, అది కూడా చెప్పాలి. అయినా "కదిలితే మళ్లీ జారుతుంది" అనే పేషెంటుకి ఈ ఒక్క సంగతి చెప్పడానికి అవి సరిపోతాయి. ఇంకో మాట, ఫిజియో దగ్గరుండి చేయించినా, ఇంట్లో నేర్చుకుని చేసినా కొద్దికాలంలో పెద్ద తేడా కనిపించలేదు. బస్సు ఛార్జీలకి వెనకాడేవాళ్లకి ఇది పెద్ద ఊరట.

ఫ్యూజన్ సంగతి వేరు. స్క్రూలు ఎముకను పట్టి ఉంచుతాయి, లోపల ఎముక అతుక్కోవడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. స్లాబు పోశాక నీళ్లు పడుతూ ఆగుతాం చూడండి, అలాంటి కాలం అది. నడక మాత్రం మొదటి రోజుల నుంచే కావాలి. వంగి మెలి తిరగడం, బరువులు మాత్రమే ఆగాలి, సాధారణంగా మూడు నెలలు, ఆ తర్వాత ఎక్స్‌రే చూసి సర్జన్ చెప్పినట్టు. బీడీ, సిగరెట్టు తాగితే ఎముక సరిగా అతకదు. ఇది మగ పేషెంట్లకి నేను మొహం మీదే చెప్తాను.

ఎంత ధైర్యం చెప్పినా ఇవి మాత్రం ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, మర్మాంగాల చుట్టూ స్పర్శ పోవడం, పాదం వేలాడిపోవడం, జ్వరంతో పాటు కుట్ల నుంచి రసి కారడం, ఒక పిక్క వాచి నొప్పి పుట్టడం, ఉన్నట్టుండి ఆయాసం. వీటిలో ఏది వచ్చినా వ్యాయామం మాట పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి రావాలి. ఈ జాబితా ఇస్తే పేషెంటు బెదిరిపోతాడని కొందరంటారు. నా అనుభవం వేరు. దేనికి భయపడాలో తెలిసినవాడు మిగతావాటికి భయపడడం మానేస్తాడు.

గోరింట – స్టాఫ్ నర్సు, గుంటూరు

మాట్లాడుతున్నది ఎక్కువగా మంచం దిగని మగవాళ్ల గురించే. మా దగ్గరికి మిరప కోతలకి వెళ్లే ఆడవాళ్లు వస్తారు. వాళ్లని కదిలించాల్సిన పని లేదు, ఆపాల్సి వస్తుంది. కుట్లు విప్పిన వారానికే నీళ్ల బిందెలు మోస్తారు, కింద కూర్చుని అంట్లు తోముతారు. "వ్యాయామం చేస్తున్నావా అమ్మా?" అంటే "రోజంతా పనే కదమ్మా, ఇంకేం వ్యాయామం" అంటారు. ఇంట్లోవాళ్లూ అదే అంటారు. ఆ పనంతా ముందుకి వంగే పని. వీపు కండకి, పొట్ట కండకి బలం వచ్చే కదలిక అందులో ఉండదు.

వాళ్లకి విడిగా అరగంట దొరకదు కాబట్టి పనిలోనే కలిపేస్తాం. పొయ్యి గట్టు మీదకి ఎక్కించుకోమంటాం. టీ మరిగేలోపు గట్టు పట్టుకుని మడమలు పైకెత్తి దించడం. కుర్చీలోంచి చేతుల ఆసరా లేకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, సీరియల్ బ్రేక్‌లో. పిల్లలు నిద్రపోయాక మంచం మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుం ఎత్తడం. బిందె మాత్రం ఫలానా తేదీ దాకా భర్తే మోయాలని డాక్టర్ గారితో ఆయన ముందే చెప్పిస్తాం. భార్య చెబితే వినని మాట డాక్టర్ చెబితే వింటారు. ఆడమనిషికి వ్యాయామం చేయాలన్న కోరిక ఉండీ ఇల్లు తీరిక ఇవ్వకపోతే దాన్ని ఆమె లోపమని రాయకండి.

పైరగాలి

అందరికీ చాలా థ్యాంక్స్. మంజీరక్కా, నువ్వు చెప్పిన రెండు ప్రశ్నలూ అడిగాను. భార్యను బయటికి పంపి, బీడీ మాన్పించే మాటలేవీ ఎత్తకుండా, మంచం పక్కన కూర్చుని అడిగాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. వంగితే ఏమవుతుందోనన్నది ఆయన అసలు భయం కాదు.

"నేను బజారుకు నడిచిపోతే మేస్త్రి చూస్తడు మేడం. బాగైనవు కదా, ఎల్లుండి లోడుంది రా అంటడు. రానంటే నా జాగల ఇంకొకన్ని పెట్టుకుంటడు. పోతే మల్ల నడుం పోతది."

హమాలీకి కూలి బస్తాకి ఇంత అని వస్తుంది. నెల జీతం లేదు, సెలవు లేదు. మంచం మీద ఉన్నంతకాలం ఆయన పేషెంటు. లేచి నడిచిన రోజున 50 కిలోల బస్తా ఎత్తాల్సిన కూలీ. నేనిచ్చిన వ్యాయామాలన్నీ ఆయనకి ఆ బస్తా వైపు తోసినట్టే కనిపించాయి!

అక్కడి నుంచి మాట మార్చాను. మిల్లులో బస్తా మోయని పనులేమున్నాయని అడిగాను. కాంటా దగ్గర తూకం రాయడం, బస్తాల మూతులు కుట్టడం, లారీ లెక్క చూడడం అన్నాడు. కాంటా దగ్గర పనికి ఏం కావాలి? గంటసేపు కూర్చోవాలి, లేవాలి, మెట్లు నాలుగు ఎక్కాలి. సరే, మన లెక్క అంతవరకే అన్నాను. నల్లమల సార్ చెప్పినట్టు సర్జన్‌తో మాట్లాడి, ఎప్పటిదాకా బరువు వద్దో తేదీతో, తేలిక పని చేయవచ్చన్న మాటతో కాగితం రాయించాం. ఆయన భార్య, హమాలీ సంఘం పెద్దమనిషి కలిసి వెళ్లి మేస్త్రికి చూపించారు. కాంటా దగ్గర పని ఖాయంగా ఇస్తానని మేస్త్రి అనలేదు, చూద్దామన్నాడు. అయినా ఆ మర్నాటి నుంచి మనిషి గల్లీ చివరి హోటల్ దాకా చాయ్ తాగడానికి నడుస్తున్నాడు. కోటా తప్పే రోజులు ఇంకా ఉన్నాయి. బెల్టు పగలు తీస్తున్నాడు, రాత్రి తీయనంటున్నాడు.

మంజీర

చాలా మంచి పని చేశావు. బెల్టు కోసం ఇప్పుడే పోట్లాడకు, నడక కుదిరాక రాత్రి బెల్టు దానంతటదే పోతుంది.

ఒకటి మాత్రం ఇప్పటినుంచే మొదలుపెట్టు. కాంటా పని దొరక్కపోతే ఆయన బస్తా దగ్గరికే వెళ్తాడు, కడుపు ఆగదు కదా. అందుకని బరువెత్తే శిక్షణ కూడా ఉండాలి. సర్జన్ సరేనన్న తేదీ తర్వాత, తుంటి దగ్గర వంగి, మోకాళ్లు మడిచి, బరువుని ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవడం. ముందు ఖాళీ డబ్బా, తర్వాత ఐదు కిలోల బియ్యం సంచి, ఆపైన వారాల మీద నెమ్మదిగా. బస్తా వీపు మీదకి ఎక్కించేటప్పుడు మెలి తిరుగుతారు చూడు, అసలు ప్రమాదం అక్కడే, అది విడిగా నేర్పాలి. ప్రతిసారీ కాలి బొటనవేలు పైకెత్తే బలం, మడమల మీద నడక చూస్తూ ఉండు.

క్లినిక్‌కి రాలేని రోజుల్లో వారానికోసారి ఫోన్ చెయ్యి. 2016లో అమెరికాలోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీవాళ్లు నడుం ఆపరేషనై, కదలిక భయం ఎక్కువగా ఉన్న 86 మంది మీద చేసిన పరిశోధన ప్రచురించారు. ఫిజియోలే భయం గురించి, లక్ష్యాల గురించి ఎక్కువగా ఫోన్ మీదే మాట్లాడారు. వాళ్లకి నొప్పి, ఇబ్బంది రెండూ మిగతావాళ్ల కన్నా బాగా తగ్గాయి. చిన్న పరిశోధనే, కానీ మన ఊళ్లకి సరిపోయే పద్ధతి.

ఎడారిపూలు – డాలస్

ఫోన్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. మా నాన్న అనంతపురంలో ఒక్కరే ఉంటారు, రిటైర్డ్ టీచర్. లామినెక్టమీ అయింది, నరాల మీద ఒత్తిడి తగ్గించడానికి పూస వెనక ఎముక కొంత తీశారు. రోజూ ఫోన్ చేసి "నడిచావా నాన్నా?" అంటే "ఆ, నడిచినాలే" అంటారు. పనిచేసే ఆమెను అడిగితే గడప దాటలేదంటుంది. ఇంతదూరం నుంచి ఏం చేయాలి?

గోదారిగట్టు

ఎడారిపూలు గారూ, జీవితమంతా పిల్లల్ని "హోంవర్క్ చేశావా?" అని అడిగిన మాస్టారిని మీరు అదే ప్రశ్న అడుగుతున్నారండి. ఆ వయసులో కొడుక్కి లెక్క చెప్పాలంటే మనసు ఒప్పదు. నడిచావా అని అడగకండి. "సందు చివర కొత్త ఇల్లు ఎంతవరకు లేచింది నాన్నా, ఒక ఫోటో తీసి పంపవా?" అనండి. ఫోటో కోసమైనా వెళ్తారు. వాళ్ల పాత స్టూడెంట్లు ఊళ్లో ఎవరన్నా ఉంటే పొద్దున్నే వచ్చి తోడు నడవమనండి, కాదనలేరు.

మంజీర

దీనితో పాటు ఆయనకి ఏం కావాలో అడగండి. ఇక్కడ ఒకావిడ అలిపిరి నుంచి నడిచి కొండెక్కుతానని మొక్కుకున్నానంది. 3,550 మెట్లు. మేం కాదనలేదు. మొదటి వారం ఆమెకి ఇంటి ముందు మూడు మెట్లు, అంతే. ఆ మొక్కు పేరు చెబితే చాలు, వాన పడినా నడిచేది.

నాన్నగారు మాటలు తగ్గించేసినా, తిండి, నిద్ర తగ్గినా, ఇష్టమైన పేపర్ కూడా చదవకపోయినా అది మొండితనం కాకపోవచ్చు. కుంగుబాటు అయ్యుండొచ్చు. డాక్టర్‌కి చూపించండి. ముందు దానికి వైద్యం జరిగితేనే నడక కుదురుతుంది.

తులసికోట – ఏలూరు

ఆలస్యంగా వచ్చాను, క్షమించండి. అమ్మకి ఫ్యూజన్ అయి మూడో నెల నడుస్తోంది. నడక బాగానే ఉంది. వచ్చే పౌర్ణమికి సత్యనారాయణ వ్రతం చేసుకోవాలని పట్టుబడుతోంది, పీట మీద కూర్చునే చేస్తానంటోంది. వద్దని చెప్పనా?

నల్లమల

వ్రతం వద్దని చెప్పకండి, ఆవిడ ఉత్సాహం పోతుంది. పీట మాత్రం ఇప్పుడు వద్దు. కింద కూర్చుంటే నడుం ముందుకి గుండ్రంగా వంగిపోతుంది, లేవడం ఇంకా కష్టం. మూడు నెలల ఎక్స్‌రే తీయించి మీ సర్జన్‌కి చూపించాక ఆయన చెప్పినట్టు చేయండి. ఈ వ్రతానికి మండపాన్ని బల్ల మీద పెట్టండి, అమ్మగారు చేతులున్న కుర్చీలో కూర్చుంటారు. ఒక్కో కథ అయ్యాక లేచి నాలుగు అడుగులు వేయాలి. ప్రసాదం గిన్నె మీరు మోయండి, పంచడం ఆవిడని చేయనివ్వండి.